ఉడుంపట్టు చేప

తాబేళ్ళ ఆసుపత్రిలో కోడలు డాక్టరు, అత్తగారు తొట్లు కడిగే మనిషి. బల్ల మీద డిప్ప పగిలిన సముద్రపు తాబేలు. ఆ పగులు పక్కనే దాని మీద సవారీ చేస్తూ వచ్చిన జానెడు చేప తలతో అతుక్కుని ఉంది. కోడలు దాని తోక పట్టుకుని లాగుతోంది.

"తోక వదులు, డాక్టరమ్మా."

"ఇది రాకుండా పగులు అతికించలేను అత్తయ్యా. ఇంకాస్త విచ్చుకుందంటే తాబేలు దక్కదు."

"విచ్చుకునేది నువ్వు లాగబట్టే. వెనక్కి లాగేకొద్దీ బిగుస్తుందది."

"మరేం చెయ్యను, బతిమాలనా?"

"దాని తల ఎటుందో అటే తొయ్యి. మెల్లగా."

కోడలు ఊపిరి బిగబట్టి తోసింది. చేప జారి, ఉప్పునీళ్ళ బకెట్‌లో పడింది. పగులు కదల్లేదు.

"ఇదెక్కడ నేర్చుకున్నారు?"

"నీ మొగుణ్ణి మొదటిరోజు బళ్ళో దింపినప్పుడు. నా కొంగు పట్టుకుని ఒకటే ఏడుపు. టీచరు లాగింది, కొంగు చిరిగింది. వాణ్ణి నా మీదికే నెట్టమన్నాను. పట్టు దానంతటదే వదిలింది."

కోడలు జిగురుసీసా మూత తీసింది.

"ఇప్పుడు నా కొంగు వదలడం లేదు."

"చూస్తూనే ఉన్నాను. వాణ్ణి మాత్రం తొయ్యకు."