ఉడకబెట్టిన తంగేడు గింజలు

గీ తంగేడు చెట్టు ఎవలు పెట్టిండ్రంటవా ముబీనా? కూసో, చెప్త. ఊరందరికి నేనే పెట్టిన అని చెప్తగని, నీకట్ల చెప్పరాదు. మీ దాదా ముచ్చటాయె. మీ తాత జబ్బార్ భాయ్, నేను ఒక్క బొగ్గు బాయి, ఒక్క షిఫ్టు. గీ మందమర్రి క్వార్టర్లల్ల గోడకటు ఆయన, గోడకిటు నేను. అప్పట్ల చుట్టుపక్కల చెల్కలన్ని ఓపెన్‌కాస్టు గనులల్ల పోవట్టె. గునుగు పోయె, తంగేడు పోయె. బతుకమ్మ దగ్గరవడ్డది, మా దేవవ్వ మొకం మాడ్చింది. ‘తంగేడు లేని బతుకమ్మ నేను పేర్వ. ఇగ పండుగ పండుగకు మా అవ్వగారింటికే పోత, నువ్వు ఒక్కనివే అండుకొని తిను’ అన్నది. అండుకునుడంటే నాకు బాయిల కప్పు కూలుడు కంటె భయం. ‘జర ఓపిక వట్టు, మన గేటు కాడనే పూయిస్త’ అన్న.

కొండగట్టు పోయి వచ్చేటప్పుడు తొవ్వల రెండు మొక్కలు పెరికి తెచ్చిన. సచ్చినయి. మల్ల తెచ్చిన, మల్ల సచ్చినయి. ‘మేకలు సుత ముట్టని చెట్టును నువ్వు ముట్టంగనే సంపితివి’ అన్నది దేవవ్వ. మీ దాదా వచ్చి, ‘అరె రాజలింగు భాయ్, దాని వేరు మన బాయి లెక్క నిలువుగ దిగుతది. నువ్వు తల తెచ్చినవ్, కాళ్ళు ఆడనే ఉన్నయి. గింజ పెట్టు. దాని తోలు రాయి లెక్కుంటది, వేడినీళ్ళల్ల నానబెట్టు’ అన్నడు. వేడినీళ్ళన్నడు గదా అని నేను పొయ్యి మీద పెట్టి పల్లికాయ లెక్క ఉడకబెట్టిన. ఉప్పొక్కటే ఎయ్యలే.

నవ్వకు బిడ్డా, ఇను. పది దినాలకు రెండాకులు లేసినయి! ఇగ నన్ను పట్టేటోడు లేడు. తంగేడు గింజ మెత్తగ ఉడకాలె అని కాలనీ అంత చెప్పిన. దశరథం ఉడకబెట్టిండు. అనసూర్య కుక్కర్ల మూడు సీటీలు కొట్టించింది. ఎవలకు మొలవలే. ‘చెయ్యి బాగుండాలె’ అన్న. మీ దాదా పక్కన నిలవడి, పాన్ నములుకుంట, ‘హా, రాజలింగు భాయ్ చెయ్యే చెయ్యి’ అన్నడు. ఒక్కసారన్న నవ్వలే, సూడు! మూడో ఏటికి బతుకమ్మ పేర్చే సిబ్బి నిండ పువ్వు. దేవవ్వ అవ్వగారింటి మాటే ఎత్తలే.

మీ దాదా పోయి నలభై దినాలైనంక మీ దాదీ గోడ కాడికొచ్చింది. ‘భాయ్, మీ పొయ్యి మీద గింజలు కుతకుతమనుడు నేనే చూసి ఆయనకు చెప్పిన. మీరు అవి పాతి అంగడికి పోంగనే వేరే గింజలు పట్టుకొని గోడ దునికి, మార్చి పెట్టిండు. దేవవ్వ ముంగట భాయ్ ఇజ్జత్ పోతది, ఎవలకు చెప్పకు అన్నడు’ అన్నది. మోకాళ్ళ నొప్పుల మనిషి బిడ్డా. గోడ దునికిండట.

…

ఏంది? దేవవ్వకు చెప్పిన్నా అంటవా? ష్! జర మెల్లగ మాట్లాడు, లోపలనే బియ్యం ఏరుతుంది.