ఎవరికీ ఇవ్వని పెన్ను

ఈ సభకు పెద్దదిక్కుగా కూర్చున్న మా తహశీల్దారు నరేంద్ర గారికి, పక్కనే ఆసీనులైన డిప్యూటీ తహశీల్దారు గారికి, అనంతపురం నుంచి ఇంత ఎండలో బస్సెక్కి వచ్చిన ఉద్యోగుల సంఘం పెద్దలకు, మా చర్చి పాస్టరు గారికి, నాతో పనిచేసిన, నాతో పోట్లాడిన, నేను రిటైరవుతున్నానన్న సంతోషాన్ని నిన్నటి నుంచి దాచుకోలేక అవస్థ పడుతున్న మిత్రులందరికీ ఈ సీనియర్ అసిస్టెంటు రెబెకా నమస్కారాలు. (నవ్వులు)

ముందు వరుసలో కూర్చున్న తిమ్మమ్మకు ఇంకో నమస్కారం. ఆఫీసు వాళ్ల సభలో రైతుకేం పని అని ఇందాక గుమ్మం దగ్గర ఆమెను ఎవరో అడిగారట. నేనే పిలిపించాను. ఎందుకో కాసేపట్లో చెబుతాను. అంతవరకు ఆమెకు ఒక గ్లాసు మజ్జిగ ఇప్పించండి.

ముందుగా నాకిచ్చిన సన్మాన పత్రం గురించి చెప్పాలి. మా జూనియర్ అసిస్టెంటు అశ్విని చక్కటి గొంతుతో చదివింది, మీరంతా చప్పట్లు కొట్టారు, కాబట్టి ఎవరూ వినలేదని అర్థమైంది. ముప్పై నాలుగేళ్లు ఎత్తుపల్లాల దారుల్లో ఒక్క ప్రమాదం కూడా జరగకుండా నడిపించానని అందులో ఉంది. నాకు సైకిల్ తొక్కడం కూడా రాదు. (నవ్వులు) పోయిన ఏడాది మన జీపు డ్రైవరు ఓబిలేష్ రిటైరైనప్పుడు చదివిన పత్రమే ఇది. పేరు మార్చారు, ఫోటో మార్చారు, బండి దింపడం మరిచిపోయారు. చేత్తో రాసే మనిషైతే 'ప్రమాదం' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగేది, ఇంతకీ ఈమె ఎవరు, ఏం చేసింది అని ఒక్క నిమిషమైనా ఆలోచించేవాడు. మీరు అక్కడ నొక్కి ఇక్కడ దించారు. రంగుల అంచు, బంగారు అక్షరాలు, లోపల ఓబిలేష్. అతనికి మాత్రం అన్యాయం జరగలేదు, రెండుసార్లు సన్మానం జరిగింది.

ఇక కానుక. ట్యాబ్ ఇచ్చారు, సంతోషం. నాకు చేతిరాత మీద మోజు ఉందని దానితో పాటు ఒక ప్లాస్టిక్ పుల్ల కూడా ఇచ్చారు. ఆ పుల్లతో గాజు మీద రాస్తే అచ్చం ఇంకు పెన్నుతో కాగితం మీద రాసినట్టే ఉంటుందని అంగట్లో చెప్పారట. చప్పుడు కూడా వస్తుందట, కావలసినంత పెంచుకోవచ్చట. పుల్లను పెన్ననుకోవడానికి, గాజును కాగితమనుకోవడానికి ఇంత ఖర్చు పెట్టేబదులు ఒక దస్తా కాగితం, ఒక సిరా బుడ్డి ఇచ్చి ఉంటే సరిపోయేది కదా అని అడగాలనుంది. అడగను, కానుక తీసుకున్నదాన్ని.

నా పెన్ను ఇదిగో. నల్ల ఎబొనైటు రబ్బరుది, మూత మీద పళ్ల గాట్లున్నాయి, అవి నావే. ఉద్యోగంలో చేరిన రోజు మా నాయన కొనిచ్చినది. మా నాయన యేసన్న ఇదే ఆఫీసులో అటెండరు, పాతవాళ్లకు గుర్తుంటాడు. ఆయనకు చదువు లేదు, జీతం పుస్తకంలో వేలిముద్రే వేసేవాడు. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర అంగట్లో పెన్ను అడిగితే, ఎవరికి పెద్దాయనా అన్నారట. "నా కూతురికప్పా. నేను చూసి చెప్పేదంతా ఇంగ అది రాయల్ల" అన్నాడట.

ఈ పెన్నుతో నాకున్న సుఖం మీకు చెప్పినా అర్థం కాదు, అయినా చెబుతాను. ఆదివారం చర్చి నుంచి వచ్చాక గోరువెచ్చని నీళ్లలో పాళీ కడిగి, పాత నూలుగుడ్డతో తుడిచి, రాత్రంతా ఆరబెట్టి, సోమవారం పొద్దున డ్రాపరుతో నీలం సిరా నింపాలి. వేళ్లకు అంటుతుంది, అంటనీ. కొత్త పాళీ మొదట ఆరు నెలలు మొండికేస్తుంది, గీరుతుంది, కాగితం చింపుతుంది. తర్వాత మెల్లగా మన చేతి వాలుకు అరిగి, తలకట్లు, గుడి దీర్ఘాలు దానంతట అదే తిరిగినట్టు తిరుగుతాయి. ఒకసారి అట్లా అలవాటు పడ్డాక ఇంకొకరి చేతిలో పెడితే చెడిపోతుంది. అందుకే ఈ పెన్నును ముప్పై నాలుగేళ్లలో ఎవరికీ ఇవ్వలేదు. వెనకటికి ఇక్కడ పనిచేసిన ఒక తహశీల్దారు చెయ్యి చాపితే, మూత బిగించి సంచిలో పెట్టుకుని, కౌంటరు దగ్గర దారం కట్టిన బాల్‌పెన్ను చూపించాను. ఆ ఏడాది నా సెలవు చీటీ ఒక్కటీ మంజూరు కాలేదు. (నవ్వులు)

ఇప్పుడా బాధే లేదు, ఆఫీసులో ఎవరికీ పెన్నుతో పనే లేదు. తొమ్మిది కంప్యూటర్లున్నాయి, కరెంటు పోతే తొమ్మిది మంది వరండాలో నిలబడి సెల్‌ఫోన్లు చూసుకుంటారు. సంతకం చేయాలంటే కంప్యూటరుకు తాళంచెవంత ముక్క ఒకటి గుచ్చుతారు, అది ఎవరు గుచ్చినా సారు సంతకమే పడుతుంది. మొన్న నా పెన్షను కాగితాల మీద ఒక్క సంతకం చేత్తో కావాల్సి వస్తే ఆఫీసంతా వెతికి, చివరికి టీ కొట్టు ఆయన చెవి మీది పెన్ను తెచ్చారు. నరేంద్ర సార్, మీరు నవ్వుతున్నారు గానీ, ఆ రోజు మీ సంతకం మీకే గుర్తు రాలేదు, రెండు రకాలుగా చేశారు.

సరే, అసలు విషయానికి వస్తాను. ఆఫీసు వెనక గచ్చు దిమ్మె మీద తాళం వేసిన వర్షమాపకం ఉంది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు తాళం తీసి, లోపలి సీసాలో నీళ్లుంటే గాజు కొలపాత్రలో పోసి, ఎన్ని గీతలొచ్చాయో చూసి, నా చేతిలో ఉన్న ఈ వానల రిజిస్టరులో ఎక్కించాలి. ఒక గీత అంటే ఒక మిల్లీమీటరు. గుమ్మఘట్ట బస్సు ఆ దిమ్మె పక్కనుంచే పోతుంది. సున్నా చూడటానికి రోజూ పోతాండావా మేడమ్ అని కండక్టర్లు ఎగతాళి చేసేవారు. నిజమే, మన మండలంలో ఏడాదికి మూడొందల రోజులు సున్నానే. కానీ కొలిచి రాసిన సున్నా వేరు, కొలవకుండా పెట్టిన సున్నా వేరు. మా నాయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు ఆయన కొలిచేవాడు, నేను రాసేదాన్ని. ఎర్రటి ఎండలో కూడా సీసా బయటికి తీసి, తలకిందులు చేసి, చుక్క రాలదని చూసుకున్నాకే "సున్నా రాయి పాపా" అనేవాడు.

కొన్నేళ్ల కింద ఆ దిమ్మె పక్కనే స్తంభం నాటి ఒక యంత్రం పెట్టారు. అదే కొలుస్తుందట, అదే పైకి పంపుతుందట, మనుషులు అక్కర్లేదట. రెండేళ్ల కిందటి కరువు మీకందరికీ తెలుసు. జూలైలో చుక్క లేదు, ఆగస్టులో చుక్క లేదు, వేరుశనగ ఊడలు దిగకముందే మాడింది. పంద్రాగస్టుకు ముందు రోజు అటెండరు రామాంజికి భక్తి పుట్టి, యంత్రం మీద కాకుల రెట్ట ఉందని, దాని గరాటులో ఒక చెంబు నీళ్లు పోసి కడిగాడు. యంత్రం దాన్ని నలభై మిల్లీమీటర్ల వానగా పైకి పంపింది. ఒక చెంబుతో మండలమంతా తడిసింది. (నవ్వులు) రామాంజీ, తల దించుకోవద్దు, నీ తప్పు లేదు, నువ్వు శుభ్రమే చేశావు. వాన పడింది కాబట్టి కరువు మండలాల జాబితాలో మన పేరు లేదన్నారు. అశ్విని ఎన్నిసార్లు ఫోను చేసినా, సిస్టమ్‌లో వచ్చింది కాబట్టి పడినట్టే అన్నారు. బయటికొచ్చి నేల చూడమంటే, స్క్రీన్ చూడమన్నారు.

చివరికి జిల్లా నుంచి ఒక అధికారి విచారణకొచ్చి రిజిస్టరు తెరిచారు. ఆ రోజు వరుసలో సున్నా ఉంది, పక్కనే 'రామాంజి యంత్రం కడిగినాడు, ఒక చెంబు' అని నేను రాసి ఉంది. కావాలని తర్వాత రాశారేమో అన్నారాయన. నా నీలం సిరా బుడ్డి ఆగస్టు పద్దెనిమిదిన అయిపోయింది, రాయదుర్గంలో నీలం దొరకక పందొమ్మిది నుంచి ఆ పేజీలు నల్ల సిరాతో రాశాను. పద్నాలుగో తేదీ వరుస నీలంగా ఉంది. ఆయన పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, ఈ పుస్తకంలో అబద్ధం లేదు అని అందరి ముందూ అన్నారు. మన మండలం జాబితాకెక్కింది. మీరు నాకు దండ వేశారు, నేను వేయించుకున్నాను.

(మంచినీళ్లు తాగారు)

అప్పటి నుంచి ఆ యంత్రాన్ని, ఈ కంప్యూటర్లను, మిమ్మల్ని తిట్టడం నాకు బాగా అలవాటైంది. ఇప్పుడు కూడా పావుగంట తిట్టాను. కానీ ఆ అధికారి అన్న మాట నిజం కాదు. ఈ పుస్తకంలో ఒక అబద్ధం ఉంది. నీలం సిరాతో, ఈ పెన్నుతో, నా చేత్తో రాసిందే.

2009 జూన్ నెల. మా నాయన అనంతపురం ఆస్పత్రిలో ఉన్నాడని కబురొస్తే ఉన్నపళంగా పోయాను. వర్షమాపకం తాళంచెవి నా సంచిలోనే ఉండిపోయింది. పదకొండు, పన్నెండు, పదమూడు, మూడు రోజులు ఎవరూ తెరవలేకపోయారు. పన్నెండున నాయన పోయాడు. పద్నాలుగున వచ్చి తాళం తీస్తే సీసాలో నీళ్లున్నాయి. కొలపాత్రలో పోసి చూశాను, ఇరవై మూడు గీతలు. ఏ రోజు ఎంత పడిందో తెలియదు, ఉన్నది ఉన్నట్టు రాయాలంటే తాళంచెవి నేనే పట్టుకుపోయానని రాయాలి. మెమో వస్తుందని భయపడ్డాను. నీళ్లు దిమ్మె పక్కన పారబోసి, మూడు వరుసల్లో మూడు సున్నాలు పెట్టాను. అక్షరాలు ఎప్పటిలాగే ముద్దుగా వచ్చాయి, పాళీ గీరలేదు. చేతిరాత అబద్ధం చెప్పదని ఇన్నాళ్లూ మీకు పాఠాలు చెప్పింది ఆ చెయ్యే. యంత్రానికి చెంబు నీళ్లకూ వానకూ తేడా తెలియదు. నాకు తెలుసు, తెలిసే పారబోశాను. చుక్క రాలదని చూసుకున్నాకే సున్నా చెప్పిన మనిషిని మట్టిలో పెట్టి వచ్చిన మరుసటి రోజు ఆ పని చేశాను.

ఆ ఇరవై మూడు గీతల వానకే ఈ తిమ్మమ్మ మూడెకరాల్లో వేరుశనగ విత్తింది. తర్వాత వాన లేక ఎండిపోయింది. నష్టం రాసుకునేటప్పుడు, ఆ వారం వానే పడలేదు, నేలలో పదును లేకుండా ఎట్లా విత్తుతావని జాబితాలో ఆమె పేరు కొట్టేశారు. ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "మా చేన్లో పడిన వాన నీ బుక్కులో యాడికి పోయింది పాపా?" అని అడిగింది. నేను తలెత్తకుండా, రిజిస్టరులో లేదు తిమ్మక్కా అన్నాను. మళ్లీ అడగలేదు. ఆ ఏడాది ఆమె ఎద్దులు అమ్ముకుని కూలికి పోయింది. పదహారేళ్లుగా ఎదురుపడినప్పుడల్లా బాగుండావా పాపా అని పలకరిస్తూనే ఉంది. ఆ పలకరింపు నాకు చాలా కష్టంగా ఉండేది. రెండేళ్ల కింద విచారణలో నోరు విప్పితే మండలం మొత్తానికి కరువు సాయం పోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజం, మిగతాది భయం.

రేపు ఈ రిజిస్టరు రికార్డు గదిలోకి పోతుంది, దానికి తాళం పడుతుంది. టైము నాలుగు నలభై. ఐదింటి వరకు నేను ఈ ఆఫీసు మనిషినే, దిద్దే హక్కు నాకు ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. వానల రిజిస్టరులో అంకెను చెరపకూడదు, దాని మీద ఒక్క గీత గీసి, కింది అంకె కనబడేటట్టు ఉంచి, పక్కన సరైనది రాసి, రాసినవాళ్లు సంతకం చేయాలి. పొద్దున చేశాను. 'మూడు రోజులు కొలవలేదు. తాళంచెవి నా దగ్గర ఉండినది. మొత్తం ఇరవై మూడు. పారబోసినాను. రెబెకా.' సంతకం దగ్గర ఒక సిరా మరక పడింది, దాన్నీ అట్లాగే ఉంచాను.

(ముందు వరుసలో తిమ్మమ్మ ఏదో అన్నారు)

ఇప్పుడు రాసి ఏం జేస్తావు పాపా అంటోంది. ఏమీ చేయలేను తిమ్మక్కా. ఎద్దులు తిరిగి రావు. కానీ నీ చేన్లో వాన పడిందని, నువ్వు అబద్ధం చెప్పలేదని ఇకనుంచి ఈ బుక్కులో ఉంటుంది. మెమో వస్తే ఇంటికి పంపండి, పెన్షను ఆపాల్సి వస్తే ఆపండి.

నన్ను ఇన్నేళ్లు భరించినవాళ్లకు, దండ తెచ్చినవాళ్లకు, ఓబిలేష్ సన్మానాన్ని నాకు సర్దిన అశ్వినికి, అందరికీ కృతజ్ఞతలు. లోపల చిత్రాన్నం, మైసూరుపాకు ఉన్నాయి, తిని పోండి. ఒక్క పని మిగిలింది. దిద్దినదాని పక్కన అధికారి సంతకం లేకపోతే అది చెల్లదు.

నరేంద్ర సార్, రిజిస్టరు ఇదిగో, ఈ వరుస. జేబులు తడుముకోవద్దు, మీ దగ్గర పెన్ను లేదని నాకు తెలుసు. ఇది తీసుకోండి. కొంచెం ఎడమకు వాల్చి పట్టుకోండి, మీ చేతికి గీరుతుంది, గీరినా పర్వాలేదు. తిమ్మక్కా, నువ్వు కూడా ఇట్లా దగ్గరికి రా, సారు సంతకం చేసేది చూద్దువు. అందరి దగ్గరా సెలవు.