ఫ్రీజర్‌లో స్కేట్లు

కెనడాలో సస్కచెవాన్‌లోని ఆ చిన్న ఊళ్లో, పైఊళ్ల నుంచి వచ్చే కుర్ర ఐస్ హాకీ ఆటగాళ్లను ఏళ్ల తరబడి తన ఇంట్లో ఉంచుకుంటున్న పెద్దావిడా, ఒకప్పుడు ఆ ఇంట్లోనే ఉండి ఆడి ఇప్పుడు కోచ్ అయినవాడూ వంటింట్లో మాట్లాడుకుంటున్నారు.

“నీ ఇంట్లో ఉంటున్న టారస్‌గాడి స్కేట్లు ఎక్కడ దాచావమ్మా? ఆరింటికి మ్యాచ్.”

“ఫ్రీజర్‌లో, లేడి మాంసం కింద. తాళం వేశాను. నిన్న తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి వాంతులే. వాణ్ణి ఆడించకు.”

“పెద్ద లీగు వాళ్లు వాణ్ణి చూడ్డానికే వస్తున్నారు. వాడే ఆడతానంటున్నాడు.”

“నువ్వూ అలాగే అన్నావు.”

“అన్నాను, పదమూడేళ్లు ఆడాను. నాకేమైంది? గుండ్రాయిలా ఉన్నాను.”

“ఆటలో మైదానం గోడకు నీ తల గుద్దుకున్న మర్నాడు ఈ కుర్చీలోనే కూర్చుని నా పేరు మూడుసార్లు అడిగావు. డాక్టరుకి చెప్పొద్దని బతిమాలావు. నేను చెప్పలేదు. పాన్‌కేకులు పెట్టి ఆటకు పంపించాను.”

“ఎప్పుడు?”

“వేళాకోళమా?”

“కాదమ్మా. నిజంగా, ఎప్పుడు?”

ఆమె స్టవ్ ఆపేసింది.

“పోయిన ఆదివారం ఇదే మాట చెబితే, ఇక్కడే కూర్చుని ఏడ్చావు కదరా.”

అతను వెళ్లి ఫ్రీజర్ తాళం ఒకసారి లాగి చూశాడు.

“ఆ తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. కాసేపటికి మళ్లీ వచ్చి అడుగుతానేమో. ఇవ్వకు.”