దీవికి ముడి వేసిన ఇసిడోర్

ఓడీల్ దీవిలో ఇసిడోర్ కోతలు వినని చెవి లేదు. ఆ రోజు ఒక్కరోజు మాత్రం నాన్న నోరు తెరవకుండా ఉంటే చాలునని కూతురు వెర్లిన్ కనిపించని దేవుళ్ళందరికీ దండాలు పెట్టుకుంది.

అందుకు కారణం బల్లకి అవతల కూర్చుని ఉంది. ఆవిడ పేరు జోస్లిన్, ఊరు బార్బడోస్. వీపున గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగు చూడాలని ముచ్చటపడే స్కూబా యాత్రికుల్ని ఏ దీవికి పంపాలి, ఏ దీవికి పంపక్కర్లేదు అని తేల్చి చెప్పడమే ఆవిడ ఉద్యోగం. రెండు రోజులపాటు ఆవిడ వెర్లిన్ పడవలో తిరిగి రెండు చోట్ల నీళ్ళలోకి దిగింది. రెండు చోట్లా కిందటేటి తుఫాను కొట్టిన దెబ్బే కనిపించింది. పగడాలు విరిగి, ఎముకల కుప్పల్లా పడి ఉన్నాయి.

"మీ తప్పేం లేదు వెర్లిన్, మీరు బాగా చూపించారు," అంది జోస్లిన్. "కానీ రెండు విమానాలు మారి, ఆపైన ఓడ ఎక్కి ఇంత దూరం వచ్చేవాళ్ళకి ఇది చూపించలేను కదా." వివరాలు రాసుకునే పుస్తకం మూసేసి సంచిలో పెట్టుకుంది. మూడు గంటల ఓడకి ఇంకా గంటన్నర ఉంది.

వెర్లిన్ తలూపింది. స్కూబా నేర్పే అర్హత కోసం రెండేళ్ళు కష్టపడింది. సిలిండర్లలో గాలి నింపే పాత యంత్రం కొని, సొంత చేతులతో బాగుచేసుకుంది. ఇక దాన్ని ఎవరికైనా ఇచ్చేసి గ్రెనడాలో ఏ హోటల్లోనో చేరి, వేరే వాళ్ళ సముద్రం చూపించుకుంటూ బతకాలి.

సరిగ్గా అప్పుడు ఇసిడోర్ గొంతు సవరించుకున్నాడు.

రేవు పక్కన ఎర్మిన్ నడిపే రమ్ము కొట్టు అది. ఎర్మిన్ పొయ్యి దగ్గర ఉప్పుచేప, నూనెలో వేయించిన రొట్టెలు వడ్డిస్తోంది. పక్క బల్ల దగ్గర ముసలి ఆల్బన్ చుక్కలున్న డామినో ఆట ముక్కలు పేర్చుకుంటున్నాడు. ఆ కొట్లో అమ్మే రమ్ము ఎంత ఘాటంటే, అందులో వేసిన ఐసుముక్క తేలదు, అడుక్కి పోతుంది. ఇసిడోర్ అలాంటి గ్లాసు ఒకటి పట్టుకుని జోస్లిన్ బల్ల దగ్గరికి కుర్చీ జరుపుకున్నాడు. మంచి చెవి ఆవిడ వైపుకి వచ్చేలా కూర్చున్నాడు.

"చూడమ్మా, నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు."

ఆల్బన్ చేతిలోని డామినో ముక్క జారి కింద పడింది.

"నాన్నా, ఆవిడకి ఓడ వేళైంది," అంది వెర్లిన్.

"ఓడకి వేళెప్పుడు తెలిసిందే?" అని ఇసిడోర్ జోస్లిన్ వైపు తిరిగాడు. "విను తల్లీ. నాకప్పుడు ఇరవయ్యేళ్ళు. క్రిస్మస్ ముందురోజు. లాంబీ కూర లేకపోతే మా అమ్మకి పండగ పండగే కాదు. లాంబీ అంటే మీకు తెలుసుగా, శంఖంలో ఉండే మాంసం. ఆల్బన్ తెడ్డు వేశాడు, నేను దిగాను. సిలిండరా పాడా, ఒక్క ఊపిరి. తొమ్మిది బారల లోతు. అయిదు లాంబీలు ఏరి సంచిలో వేశాను. ఇందులో గొప్పేముంది, ఆ రోజుల్లో ఎవడైనా చేసేవాడే."

"అయిదూ నిజమే," అని ఒప్పుకున్నాడు ఆల్బన్.

"ఆరోది కనిపించింది. ఊపిరి చూస్తే అయిపోవచ్చింది. కానీ నాకో అలవాటుంది, ఊపిరి మొత్తం ఒక్కసారే ఖర్చుపెట్టను. కాస్త బుగ్గలో, కాస్త గొంతులో దాచుకుంటాను. దాంతో ఇంకో పావుగంట లాగొచ్చు. ఈలోపు కాళ్ళు పీకాయి. బల్లపరుపుగా ఓ రాయి కనిపిస్తే కూర్చున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రాయి కళ్ళు తెరిచింది!"

"తాబేలు," అంది ఎర్మిన్ పొయ్యి దగ్గర్నుంచి.

"తాబేలని నువ్వు తేలిగ్గా అనేశావు ఎర్మిన్. దాని వీపు మీద మన చర్చి పడుతుంది, గంటతో సహా. లేచింది, ఒళ్ళు విరుచుకుంది, నన్ను మోసుకుని బయల్దేరింది. దిగుదామంటే మర్యాద కాదు కదా, అడక్కుండా ఎక్కి కూర్చున్నవాణ్ణి నేనే. అలా పోయి పోయి, రాతిలో ఒక ద్వారం ఉంటే, దాని ముందు ఆగింది."

ఇక్కడ ఇసిడోర్ గొంతు తగ్గింది. గ్లాసు కింద పెట్టాడు.

"ద్వారమంటే, ఇద్దరు మనుషులు పక్కపక్కన పట్టేంత. లోపలికి ఎండ పైనుంచి రాదు, పక్కనుంచి వాలుగా వస్తుంది. పొద్దున పది గంటలప్పుడు. గోడలన్నీ ఊదారంగు. నీళ్ళు ఊగితే ఆ గోడ కూడా ఊగినట్టుంటుంది. పట్టుకోవడానికి ఏమీ లేదక్కడ. లాంబీలు లేవు, ఏవీ లేవు. ఊరికే చేతులు కట్టుకుని ఉన్నాను."

జోస్లిన్ రొట్టె తుంచడం ఆపి అతనికేసి చూసింది. ఇసిడోర్‌కి సిగ్గేసిందో ఏమో, గ్లాసెత్తి గడగడా తాగి, రెట్టించిన గొంతుతో అందుకున్నాడు.

"ద్వారానికి కాపలా ఎవరనుకున్నారు? లాబ్‌స్టర్! రొయ్య జాతిదే, కానీ గాడిదంత! దాని మీసం ఒకటి మా అమ్మ బట్టలారేసుకునే తాడుగా వాడుకుంది, మూడిళ్ళ దుప్పట్లు పట్టేవి దాని మీద."

"మరి లాబ్‌స్టర్‌ని తిన్నారా?" అనడిగింది జోస్లిన్.

"ఎలా తింటామమ్మా? అప్పటికే పేర్లు చెప్పుకున్నాం. పరిచయమైన వాళ్ళని తినకూడదు."

ఎర్మిన్ ఫక్కున నవ్వింది. వెర్లిన్‌కి ఒళ్ళు మండిపోతోంది. ఇంకో గంటలో ఈవిడ ఓడెక్కి, ఈ దీవిలో పగడాలూ లేవు, తిన్నగా మాట్లాడే మనిషీ లేడని రాసుకుంటుంది.

"ద్వారం దాటితే మునిగిపోయిన తెరచాప ఓడ. వందేళ్ళ నాటిది. వంటగదిలోకి వెళ్ళానా, పొయ్యి ఇంకా వెచ్చగానే ఉంది! బల్ల దగ్గర కెప్టెన్ కూర్చున్నాడు. గడ్డమంతా నాచు. కూర్చోవోయ్ అని డామినో ముక్కలు పంచాడు. ఆడాం. చచ్చిపోయినవాడైనా ఆల్బన్ కన్నా నయంగా ఆడాడు."

"ఒరేయ్!" అన్నాడు ఆల్బన్.

"ఆట గెలిచాను. దారెటని అడిగితే, ఇదిగో ఇటు కిందికి పో అన్నాడు. పోయాను. ఎక్కడ తేలాననుకున్నారు? మన దీవి కింద! మీరెవరూ చూడలేదు, నేను చూశాను, దీని అడుగు దేనికీ అంటుకుని లేదు. తేలుతోంది! ఒకే ఒక్క గొలుసుతో కట్టి ఉంది. ఆ గొలుసు తుప్పు పట్టి, ఇదిగో తెగుతుంది, అదిగో తెగుతుంది అన్నట్టుంది. ఆలోచించుకునే వేళా అది? నడుముకున్న తాడు విప్పి, గొలుసుకీ దీవికీ కలిపి మూడు ముళ్ళు వేశాను. కిందటేడు అంత తుఫాను వచ్చింది, చర్చి కప్పు ఎగిరిపోయింది, కొబ్బరిచెట్లు ఎగిరిపోయాయి. దీవి ఎందుకు ఎగిరిపోలేదు? ఇప్పుడు మనమంతా వెనిజులా ఒడ్డున కూర్చుని ఎందుకు లేము? ఎవరి ముడి అది? చెప్పండి! వారానికోసారి దిగి ముడి బిగించి వస్తుంటాను, ఇప్పటికీ..."

"చాలు నాన్నా!"

వెర్లిన్ లేచి నిలబడి ఉంది.

"చెవి పగిలి పద్దెనిమిదేళ్ళయింది నీకు. ఆ చెవిలోకి మళ్ళీ నీళ్ళు పోతే తల తిరిగి నిలబడటానికి కూడా పనికిరావని డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచి మోకాలు మించి నీళ్ళలోకి దిగలేదు. పడవైనా ఎక్కలేదు. వారానికోసారి దిగుతాడట! ఆవిడ పని చేసుకోడానికి వచ్చింది నాన్నా, నా బతుకు ఆవిడ చేతిలో ఉంది. నీకిది ఆటగా ఉందా?"

అనేశాక తెలిసింది ఎంత మాటన్నదో. ఇసిడోర్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

జోస్లిన్ మెల్లగా అడిగింది. "పడవ కూడా ఎందుకెక్కరండీ? పడవలో చెవికేమీ కాదుగా."

ఇసిడోర్ గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "లోపల పాట, ఆట సాగుతుంటే గడప బయట నిలబడి తొంగిచూసేవాడు ఒకడుంటాడమ్మా. అలా నిలబడటం నాకు చాతకాదు." గ్లాసు పక్కకి జరిపి, "నిద్రలో దిగుతాను. నిద్రలో చెవి నొప్పి లేదు," అన్నాడు.

ఆల్బన్ డామినో ముక్కలన్నీ ఒకచోటికి తోసి, "ఆ ద్వారం మాత్రం అబద్ధం కాదు," అన్నాడు.

వెర్లిన్ తలెత్తింది. చిన్నప్పట్నుంచీ విన్న కథే కదా. గాడిదంత లాబ్‌స్టర్, చచ్చిన కెప్టెన్, వాటి మధ్య ఈ ద్వారం. అన్నీ ఒక గాటనే కట్టేసింది.

"ఆ రోజు పడవలో ఉన్నది నేనేగా," అన్నాడు ఆల్బన్. "పైకొచ్చి సంచి నా ఒళ్ళో పడేసి, సాయంత్రం దాకా నోరు విప్పలేదు వీడు. వీడు! అప్పుడే అనుకున్నాను, ఏదో నిజంగానే చూశాడని. తర్వాత కూడా వెళ్తుండేవాడు, ఉత్త చేతుల్తో వచ్చేవాడు. ఎక్కడో నేను చెప్పలేను. ఇటు లాగు, అటు లాగు అనేవాడు, తెడ్డు వేసేవాణ్ణి, అంతే."

"నాతో ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"చెప్పానుగా, వందసార్లు."

నిజమే, చెప్పాడు.

దూరంగా ఓడ కూత వినిపించింది. జోస్లిన్ సంచి భుజానికి తగిలించుకుంది. వెర్లిన్ మొహం తిప్పుకుంది. జోస్లిన్ మాత్రం రేవు వైపు కదలకుండా, "మళ్ళీ ఓడ ఎప్పుడు?" అనడిగింది.

"శుక్రవారం," అంది ఎర్మిన్.

"అయితే శుక్రవారం. మీ కొట్టు పైన గది ఖాళీయేనా?"

మర్నాడు తొమ్మిది గంటలకి పడవ సిద్ధమైంది, ఆల్బన్ ముందే ఎక్కి కూర్చున్నాడు. ఇసిడోర్ పడవ అంచు మీద కాలు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. ఎక్కమని ఎవరూ అనలేదు. చివరికి తనే ఎక్కాడు.

ఆ చోటు పోల్చుకునే వెనకటి గుర్తుల్లో ఒకటైన చర్చి కప్పు ఇప్పుడు లేదు. అందుకని ఇసిడోర్ కళ్ళు చిట్లించి, శ్మశానం గోడ చివరనీ కొండమీది నున్నటి బండనీ ఒక గీత మీదికి తెచ్చుకుంటూ, చేత్తో ఇటు, ఇంకాస్త అటు అని చూపించాడు. రెండుసార్లు తప్పింది. వెర్లిన్ దిగి, ఇసక తప్ప ఏమీ లేదని పైకొచ్చింది. మూడోసారి ఇసిడోర్ నీళ్ళ రంగు చూసి, "ఇక్కడ," అన్నాడు.

వెర్లిన్, జోస్లిన్ కలిసి దిగారు. పైన పగడాలు ఇక్కడా విరిగే ఉన్నాయి. రాతి అంచు పట్టుకుని ఇంకా కిందికి వెళ్తే, చీకటి నోరొకటి కనిపించింది. దూరింది. ఎండ ఒక పక్కనుంచి వాలుగా పడుతోంది. గోడ నిండా ఊదారంగు పగడపు కొమ్మలు, విసనకర్రల్లా, తుఫాను ముట్టుకోలేనంత లోపల, నీళ్ళతోపాటు ఊగుతున్నాయి. జోస్లిన్ ఏదో చూపించబోయి చెయ్యి దించేసింది. సిలిండరులో గాలి తగ్గిందని ముల్లు చూపించేదాకా ఇద్దరూ ఊరికే ఉన్నారు.

వాళ్ళిద్దరూ పైకొచ్చారు. ఇసిడోర్ పడవ అంచుని గట్టిగా పట్టుకుని కూతురి మొహమే చూశాడు.

"ఉంది నాన్నా," అంది వెర్లిన్. "అలాగే ఉంది."

జోస్లిన్ తల తుడుచుకుంటూ అంది. "వెర్లిన్, పెద్ద గుంపుల్ని పంపలేను. ఆ ద్వారం తట్టుకోదు. నలుగురు నలుగురు చొప్పున పంపుతాను. సరిపోతుందా?"

వెర్లిన్ నవ్వింది. తలూపింది.

అప్పుడు ఇసిడోర్ చెయ్యి చాపాడు. "ఆ అద్దం ఇటివ్వు."

"నాన్నా, చెవి."

"చెవి ముంచను. మొహం ఒక్కటే."

కూతురిచ్చిన అద్దాల మాస్కు పెట్టుకుని పడవ మీద బోర్లా పడుకున్నాడు. ఆల్బన్ అతని నడుము బెల్టు పట్టుకున్నాడు. వెర్లిన్ చెడ్డ చెవిని అరచేత్తో కప్పింది. మొహం నీళ్ళలోకి దిగింది. ద్వారం అంత పైనుంచి కనపడదు. ఉన్నదల్లా నీలం, ఆ నీలంలో ఎండ చారలు. ఊపిరి ఎంతసేపు పట్టాడో, ఆల్బన్ భయపడి బెల్టు లాగాడు.

ఇసిడోర్ లేచి కూర్చున్నాడు. నీళ్ళు గడ్డం మీంచి కారుతున్నాయి. అందరూ ఎదురుచూశారు. ఏ తిమింగలం వస్తుందో, ఏ కెప్టెన్ పలకరించాడంటాడో అని.

"చేపలు," అన్నాడు. "చిన్నవి. పసుప్పచ్చవి. మూడు."

ఆల్బన్ ఇటుపక్కనుంచి ఒంగి నీళ్ళలోకి చూశాడు.

"రెండేరా," అన్నాడు. "మూడోది లంగరు తాడు నీడ."

ఇసిడోర్ వాదించలేదు. సరిచూసుకోడానికి మళ్ళీ మొహం నీళ్ళలో పెట్టాడు.