ఆ ఒక్క రోజు ఆలస్యం

అధ్యక్షులు లింగమూర్తి గారికి, మంథని పెద్దలకు, నా మాటల కన్నా ఫలహారం కోసం ఎక్కువ ఎదురుచూస్తున్న అక్కచెల్లెళ్లకు నమస్కారం. (నవ్వులు) సన్మానం అందుకుంటున్న లక్ష్మీరాజం గారికి పాదాభివందనం. ఆయన రాయబారిగా ఉన్న ఎంబసీలో మా ఆయన బుచ్చిరాములు గుమాస్తా. అందుకే ఈ నాలుగు మాటలు చెప్పే భాగ్యం నాకు దక్కింది. ఆ దేశం పేరు లక్ష్మీరాజం గారే ఏ సభలోనూ చెప్పలేదు కాబట్టి నేనూ చెప్పను.

లింగమూర్తి గారు ఆయన సేవలన్నీ చక్కగా చెప్పి, అరవై అయిదు యుద్ధం దగ్గరకు వచ్చేసరికి "చిన్న పొరపాటు, అది మరిచిపోదాం" అని దాటేశారు. వెంటనే తిరిగి రమ్మని ప్రభుత్వం ఆజ్ఞాపిస్తే ఆయన ఒక రోజు ఆలస్యంగా వచ్చారు. మందలింపు వచ్చింది, మళ్లీ పదవి రాలేదు. ఈ ఊళ్లోనే "దావతులు ఇడిసి రాలేకపోయిండట" అని నవ్వుకున్నారు. ఆ నవ్వు వింటూ మూడేళ్లు తలవంచుకుని నడిచినదాన్ని నేను. ఆ తప్పు నాది.

ఆ దేశం శత్రువు పక్షం చేరినందుకు నిరసనగా మనవాళ్లు రాయబారిని వెనక్కి పిలిచారు. పొద్దున తంతి, సాయంత్రం విమానం. పదకొండు కుటుంబాలం. మేం వెళ్తున్నామని తెలిస్తే గేటు ముందు గుంపు చేరుతుందని, ఉతికిన బట్టలు దండేల మీదే ఉంచమని, పొయ్యిలు రాజేయమని ఆయన ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. నేనేమో మామిడికాయ తొక్కు జాడీకి గుడ్డ కట్టి వరండాలో పెట్టాను.

"ఏం బిడ్డా అనసూర్యా, ఊరేగింపు తీస్తున్నవా? జాడీ లోపల పెట్టు. మంథనిల తొక్కు నేనే పెట్టిస్త" అన్నారు. (నవ్వులు) ఇంతవరకు పెట్టించలేదు లెండి.

విమానాశ్రయంలో అందరి కాగితాల మీదా ముద్ర పడింది, మా ఆయన కాగితం మీద తప్ప. గుప్త తంతులు చదివే మనిషి, విచారణకు ఉండాలన్నారు. లక్ష్మీరాజం గారు మమ్మల్ని విమానం ఎక్కించి తాను కిందనే నిలబడ్డారు.

"మీరు పోండి బిడ్డా. ఈ నేల మీద ఉన్నంతసేపే నేను రాయబారిని. ఎక్కితే ఉత్త లక్ష్మీరాజాన్ని, నా మాట ఎవలు వింటరు? బుచ్చిరాములును ఇడిసి నేను రాను."

మా ఆయన పక్కన బెంచీ మీద ఇరవై గంటలు కూర్చున్నారట. ఎవరు లేవమన్నా "ఇద్దరికీ కలిపి వేయండి ముద్ర" అన్నదే జవాబు. మర్నాడు ఇద్దరూ మన నేల మీద దిగారు.

(లక్ష్మీరాజం గారు వద్దని చెయ్యి ఊపారు.) మీరు వద్దన్నా చెప్తాను బాపూ. శత్రువులు పట్టుకోజూసిన గుమాస్తా అని బయటపడితే ఇక్కడా అనుమానించేవారు, మా ఆయన ఉద్యోగం పోయేది. అందుకని ఎందుకు ఆలస్యమైందో మీరు ఎవరికీ చెప్పలేదు. పోయిన నెల మా ఆయన పదవీ విరమణ చేశారు. ఇక దాచాల్సిన పని లేదు.

ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఏమండీ, ఒక్కసారి లేచి నిలబడండి.

(బుచ్చిరాములు గారు లేచారు.)

ఆ రోజు ఇందుకు ఆలస్యమైంది. సెలవు.