పిలిచేదాంక రాకు

రెండువేల పదకొండు, ఏప్రిల్ రెండు, శనివారం. శంషాబాద్‌లో పొద్దు గూకింది. టీవీలో శ్రీలంకతో ప్రపంచకప్ ఫైనల్ నడుస్తోంది. టీవీ ముందు అనంతయ్య, ఆయన భార్య సత్తెమ్మ. టెండూల్కర్ ఇప్పుడే అవుటయ్యాడు.

"సత్తెమ్మా, నువ్వు జర అవుతలికి పో."

"ఎందుకు?"

"నువ్వొచ్చి కూసున్నంకనే టెండూల్కర్ పోయిండు. సెహ్వాగ్ పోయినప్పుడు గూడ నువ్వు గిదే కుర్చీల ఉన్నవ్."

"నేను పోను."

"ఎక్కువసేపు గాదే. వీళ్ళిద్దరు జర నిలదొక్కుకునేదాంక వాకిట్ల ఉండు. నేను పిలుస్త గద."

"పిలుస్తవా?"

"పిలుస్తనంటున్న గద."

"మల్లేశ్‌కు గూడ గిదే చెప్పినవ్."

"ఇప్పుడు తమ్ముని ముచ్చటెందుకే? ఆట చూడు."

"ఏం చూడాలె? ఎనభై మూడుల ఫైనల్ అయిన నాడు గూడ శనివారమే."

"అప్పుడు టీవీ ఏడుండె? రేడియో."

"ఆ రేడియో గూడ వానిదే. మనోళ్ళు నూట ఎనభై మూడుకే ఆలౌటయితే, ఇగ బందు పెట్టరా అన్నవ్. వాడే వద్దన్నడు. డెబ్బై ఐదుల ఓడినం, డెబ్బై తొమ్మిదిల గీ శ్రీలంక చేతుల గూడ ఓడినం, గీసారి ఇడవొద్దన్నా అని నిన్ను బతిలాడిండు."

"వానికి ఆటంటే పిచ్చి. మొదటి కప్పుల గవాస్కర్ అరవై ఓవర్లు నిలవడి ముప్పై ఆరే కొట్టిండని, పోరడు ఆ పూట బువ్వ ముట్టలే. అమ్మ ఎంత బుజ్జగిచ్చినా..."

"గంత పిచ్చి ఉన్నోణ్ణే బయటికి పంపినవ్."

"వెస్టిండీసోళ్ళ రిచర్డ్స్ ఫోర్ల మీద ఫోర్లు కొడుతుండె. వాడు నీళ్ళు తాగనీకి వాకిట్లకు పోయినప్పుడే ఫోరు పడలే. లోపలికొస్తే మళ్ళ ఫోరు. అందరన్నరు, నేనొక్కన్నే గాదు."

"గడప దాటించింది నువ్వు. రిచర్డ్స్ అవుటయితే నేనే పిలుస్త, నేను పిలిచేదాంక రాకు అన్నవ్. మరి రిచర్డ్స్ అవుటయ్యిండు. పిలిచినవా?"

"ఆట మీద పడి..."

"నేను చెప్పిన. పాపం, పిల్వరాదయ్యా అన్న."

"వికెట్లు పడుతుండె గదనే. వాడు బయటుంటేనే పడుతున్నయ్, ఇంకొకటి పడనీ అనుకున్న. అది పడ్డంక ఇంకొకటి."

"గెలిచినంకనన్న పిలిచినవా?"

"గెలిచినంక ఊరంత వాకిట్లనే దునుకుతుండె. వాడు గూడ అండ్లనే ఉన్నడనుకున్న."

"తెల్లారి చూస్తే లేడు."

"నేను ఊకున్ననా? బాయిలల్ల దేవులాడిపిచ్చిన. మంఖాల్ పోయిన, కందుకూరు పోయిన. పోలీసోళ్ళ కాళ్ళు మొక్కిన."

"అన్ని చేసినవ్. పిలుచుడొక్కటే చెయ్యలే."

"సత్తెమ్మా, ఇగ చాలు."

"ఉండు. తలుపు గొలుసు చప్పుడయితుంది."

"విమానం దిగుతుంది. రోజూ అదురుతది గద ఆ తలుపు."

"ఇప్పుడు విమానమేం దిగలే."

"గాలికి."

"ఆకు కదుల్తలేదు బయట. నేనొకటడుగుత. మన ఊరు విమానాశ్రయం కిందికి పోయినప్పుడు అందరు మంచాలు, బీరువాలు మోసుకచ్చుకున్నరు. నువ్వు ఆ పాత తలుపును గడపతోని సహా పీకి తెచ్చి గీడ పెట్టించినవ్. ఎందుకు?"

"టేకుది. గట్టిగున్నదని."

"నాతోని గూడ అబద్ధమా?"

"వాడొస్తే గుర్తువట్టనీకి. ఇల్లున్న జాగల విమానాలు తిరుగుతున్నయ్. ఆ తలుపొక్కటన్న చూసి, ఇది మనదే అనుకుంటడని."

"రేపు మన కొడుకు శ్రావణ్ దాన్ని తీపిచ్చి ఇనుపది పెట్టిస్తుండు. వడ్లంగికి చెప్పొచ్చిండు. పిలిస్తే ఇయ్యాల్నే పిల్వాలె."

"పిలిస్తే పలకకపోతే?"

"ఏందీ?"

"గిన్నేండ్ల సంది పిలవలే కాబట్టే వాడు ఇంక బయటున్నట్టున్నది నాకు. పిలిచినంక పలకలేదనుకో, ఇగ లేడన్నట్టే గదనే. నాకు భయమైతుంది సత్తెమ్మా."

"నాకు లేదా భయం? గొలుసు ఆడినప్పుడల్ల లేసి తలుపు తీస్తున్న. ఎవ్వరుండరు. నేను తీస్తే వాడెందుకొస్తడు? అన్న పిలిస్తేనే వస్త వదినె అని నాతోని చెప్పి పోయిండు. మాట తప్పేటోడు గాదు వాడు."

"నీతోని గట్లన్నడా?"

"నవ్వుకుంటనే అన్నడు."

"టీవీ ఆపు."

"ఆట మధ్యల?"

"ఆపుమంటున్న గద."

"ఆపిన. పిల్వు."

"మల్లేశా."

"గట్టిగ పిల్వు. అది నాకే ఇనవడలే."

"మల్లేశా, ఇగ రారా లోపలికి. నేను అన్ననురా, పిలుస్తున్న. తప్పైంది బిడ్డా, మర్చిపోయిన. రారా."

"జర ఆగు."

"పలకలే."

"ఆగుమన్న గద."

"పలకలే సత్తెమ్మా. లేడు. నా తమ్ముడు ఇగ లేడు."

"ఊకో. గొలుసు."

"రిచర్డ్స్ అవుటయ్యిండా అన్నా?"