మందారం మీద పిండి

"అవ్వా, సరోజన చిన్నవ్వతోని ఎందుకు మాట్లాడుతలేవే?"

గది అడుగుతవా బిడ్డా? ఫోన్ల రికార్డు గూడ వెట్టినవా? సరే, పెట్టు. ఏడికెల్లి చెప్పాలె... నాకే సక్కగ సమజైతలేదు.

సరోజన నా యారాలు గదా, మీ తాత తమ్ముని పెండ్లాం. రెండిండ్ల నడుమ గా మొండిగోడ ఒక్కటే. కలుపుకు పోతె ఇద్దరం, పత్తి ఏరవోతె ఇద్దరం. గోడకు ఇవతల నా మందారం. గులాబిరంగుది... కాదుకాదు, గులాబిది ఎన్నడో ఎండిపాయె, గిది ఎర్రదే. పొద్దుగాల దేవునికి పదిహేను పూలు ఇస్తుండె.

పోయిన ఎండకాలం సూస్తె మొగ్గల మీద తెల్లగ పిండి. తుడిస్తె పోయింది, నాలుగు దినాలకు మల్ల వచ్చింది. ఆకులు ముడుసుకున్నయి, పూత బందయింది. ఏందిది, బూజా? బూజైతె వానకాలం రావాలె గదా? మా కాలంల పత్తికి పచ్చపురుగు ఉంటుండె, మీ తాత, నేను చేతుల్తోని ఏరి సీసల ఏస్తుంటిమి. పురుగంటె పురుగు లెక్క పాకుతుండె. గిదేమో కదలదు, మెదలదు. మొగుళ్లపల్లికి పోయి మందు తెచ్చి కొట్టిన, పారలే.

ఇగ సరోజనకు ఒక అలవాటున్నది. పొద్దుగాల లేసి గోడ పొంటి చీమలకు పిండి ఏస్తది. పుణ్యమట. ఏండ్ల సంది సూస్తనే ఉన్న. గా దినం గూడ సూసిన. ఆమె చేతిల పిండి, నా చెట్టు మీద పిండి. నా బుద్ధి గడ్డి తిన్నది బిడ్డా. నల్లా కాడ పదిమంది ఉండంగ అన్న, "సరోజనా, నా చెట్టు మీద ఏం మంత్రించి సల్లినవే?" అని.

మంత్రం అనే మాట మన దిక్కు ఎంత చెడ్డదో నీకు ఎరుకనా? గా మాట మీద మనుషుల పానాలు పోయినయి. సరోజన నల్లా బంద్ జేసింది. బిందె సగం గూడ నిండలే, ఎత్తుకొని పోయింది.

గటెనుక వ్యవసాయం మేడం పత్తి చేన్లు సూడనీకి వస్తె కొమ్మ ఇరిసి సూపెట్టిన. "పిండినల్లి, అవ్వా" అన్నది. నల్లంటె మంచంల ఉండేది గదా? మంచాలకు కొట్టే మందు కొట్టాల్నా అంటె నవ్వింది. పేరుకే నల్లట. పేనుబంక లెక్క రసం పీల్చే జాతట. గా పిండి గూడ పిండి గాదట, దాని ఒంటి మీది మైనమట, అందుకే మందు పారదట. మగదానికి రెక్కలుంటయట, ఆడదానికి ఉండయట. పత్తి, బెండ, మందారం మూడు ఒక్క ఇంటియేనట, మూడింటికీ వస్తదట. మరి వయ్యారిభామ గడ్డి మీద గూడ ఉంటదట, గది ఏం వరసైతదో! బొప్పాయికి వచ్చేది గిది గాదట, దీని అక్కచెల్లెలట. నా తలకాయ తిరిగింది బిడ్డా.

"ఏడికెల్లి వచ్చింది మేడం?" అన్న. దాని తీపి బంక కోసం చీమలు కొమ్మ కొమ్మకు మోస్తయట. దాచుడెందుకు, నాకు సంబురమైంది. ఆమె సాదిన చీమలే గదా అనుకున్న. గప్పుడే మేడం గోడ దిక్కు సూసింది. నేను పేర్చిన పత్తికట్టె మోపులు ఉండె. గ్యాసున్నది గాని, నీళ్లు కాగవెట్టనీకి చేన్లకెల్లి నేనే నెత్తి మీద మోసుకొచ్చిన. "ముందుగాల గీ కట్టెలకెల్లే వచ్చుంటది" అన్నది.

ఇగ నువ్వే చెప్పు, తప్పెవరిది? కట్టె నాది. చీమలు ఆమెయి... చీమలు ఒకరియైతయా? ఏమో. కట్టె కాలవెట్టిన, మేడం చెప్పినట్టు సబ్బునీళ్లు కొట్టిన, చెట్టు సిగురేసింది. గా దినం అన్న మాట మాత్రం ఊరంత తిరుగుతనే ఉన్నది.

మొన్న కిరాణం దుకాణం కాడ సరోజన నిలవడ్డది. ఒక పిల్లతల్లి ఆమెను సూసి, సంకల బిడ్డ మొకం మీద కొంగు కప్పింది. సరోజన పక్కకు జరిగి తొవ్వ ఇచ్చింది బిడ్డా, తప్పు జేసినదాని లెక్క. ఆమె తిరిగి నన్ను తిట్టినా బాగుండు.

నిన్న పోయి తలుపు కొట్టిన. "సరోజనా, గది పురుగటనే" అన్న. తలుపు తియ్యలే. లోపట్నుంచే అన్నది, "నేను ఏం సల్లలేదని నాకు ఎరుకనే గదక్కా. నాకెందుకు చెప్తవు? ఊరికి చెప్పు."

రేపు సంఘం మీటింగుకు ఆడోళ్లందరు వస్తరు. అందరి ముంగట చెప్త. నువ్వు జర నా పక్కపొంటి నిలవడు బిడ్డా. పురుగు పేరు తప్పు జెప్తె మల్ల ఇంకేదన్న అనుకుంటరు. ఏందన్నవ్... పిండి... ఆఁ, నల్లి. నల్లి గాదు గని, నల్లే. నువ్వు సల్లగ బతుకు తల్లీ, నీ నోటెంట ఎన్నడు గసొంటి మాట రావద్దు. ఇగ బంద్ జెయ్ ఫోను... లేకుంటె ఉండనియ్, గిదే వాళ్లకు ఇనిపిద్దామా?